సూది పడని చెయ్యి

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన మాస్టరే. పాఠాలు చెప్పే మాస్టర్ కాదు, బట్ట కత్తిరించే మాస్టర్. దర్జీ దుకాణంలో మిషన్ తొక్కేవాళ్లు ఎందరైనా ఉండొచ్చు గానీ, బల్ల ముందు నిలబడి సుద్దతో గీత గీసి కత్తెర ఆడించేవాడు ఒక్కడే ఉంటాడు. కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. కోత తప్పితే ఆ బట్టకు దిక్కు లేదు. ఆయనకు జరిగే మర్యాదంతా అందుకే.

దుకాణం మేడ మీద. ఇరుకు మెట్లెక్కి వెళ్తే రెండు గదులు. ముందు గదిలో మిషన్, మిషన్ వెనక ఆయన బావమరిది, అంటే భార్య తమ్ముడు. లోపలి గదిలో కిటికీ పక్కన నడుమెత్తు కోత బల్ల. ఆ బల్లకు కుర్చీ లేదు. కూర్చుంటే చెయ్యి బట్ట అవతలి అంచుకు అందదు. మీసాలు రాని రోజుల నుంచి మీసాలు నెరిసేదాకా మాస్టర్ ఆ బల్ల దగ్గర నిలబడే బతికాడు.

ఇక ఆయన కుడిచేతి సంగతి ముందే చెప్పుకోవాలి. ఆ చెయ్యి నీళ్ల బకెట్ ఎత్తేది కాదు. బిగుసుకున్న సీసా మూత తిప్పేది కాదు. గోడకు మేకు కొట్టాల్సి వస్తే బావమరిదికి కబురు వెళ్లేది. బజారు నుంచి సంచీ ఎంత బరువైనా ఎడమచేతి మీదే వచ్చేది. సాయంత్రం పని కట్టేశాక మాస్టర్ తీరిగ్గా కూర్చుని భుజం నుంచి వేళ్ల కొసల దాకా నూనె రాసుకునేవాడు, అదీ కుడిచేతికి మాత్రమే. ఇంజెక్షన్ సూదంటారా, ఆ చేతికి జన్మలో పడలేదు. జ్వరమొచ్చినా, రక్తపరీక్ష అన్నా, ఏదైనా ఎడమచేతికే. రోజంతా సూదుల మధ్య బతికే మనిషికి సూదంటే ఇంత భయమేమిటని నవ్వనివాళ్లు లేరు. నవ్వుకోనీ, ఎవరి పిచ్చి వాళ్లకానందం అనేవాడాయన.

భార్య ఆ చేతికి ఒక పేరు పెట్టింది. సవతి. పెళ్లయిన కొత్తలో, పొయ్యి మీద కాగుతున్న పాలు దించమంటే ఆయన కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడమచేత్తో దించబోయి మొత్తం ఒలకబోశాడు. ఆ రోజు పుట్టిన పేరది. తనకన్నా ముందు నుంచీ ఆ ఇంట్లో ఉంది కాబట్టి పెద్దావిడ అని కూడా అనేది. సీసాలో నూనె అడుగంటితే పెద్దావిడకు నూనె తెప్పించాలా అని అడిగేది. చుట్టాలెవరైనా మీ ఆయన నిన్ను బాగా చూసుకుంటాడా అంటే, సవతికి పోగా మిగిలిన ప్రేమ నాదేనని చెప్పేది. మాస్టర్ ముసిముసిగా నవ్వి ఊరుకునేవాడు. ఆ హాస్యంలో కాస్త నిష్ఠూరం కూడా ఉండేదని చెప్పకపోతే అబద్ధమవుతుంది. దుకాణం బట్టలకు కాజాలు తీసీ గుండీలు కుట్టీ ఆవిడ వేళ్లూ అరిగాయి. వాటికి ఎవరూ నూనె రాయలేదు.

ఆయన పట్టింపుకు కారణం మేనమామ. మాస్టర్‌కు కత్తెర పట్టడం నేర్పిన మనిషి, తనూ పేరున్న కటింగ్ మాస్టరే. ఒకసారి జ్వరానికి ఎవరో ఆయన కుడి మోచేతి మడతలో సూది వేస్తే అది చీము పట్టింది. చీమైతే పోయింది గానీ వేళ్లు బిగుసుకుపోయాయి. పెళ్లికొడుకులకు కోట్లు కోసిన మనిషి చివరికి దిండు గలీబులు కుట్టుకుంటూ రోజులు వెళ్లదీశాడు. పోయేముందు మేనల్లుణ్ణి దగ్గరికి పిలిచి, కత్తెర పట్టే చేతిని ఎవరికీ ఇవ్వకురా అన్నాడు. ఇల్లూ పొలమూ లేని మేనమామ ఇచ్చిపోయింది ఆ ఒక్క మాటే. మాస్టర్ దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు.

చేతిని అంత భద్రంగా చూసుకున్నవాడు కాళ్లను మాత్రం గాలికొదిలేశాడు. నిలబడి నిలబడి కుడికాలిలో నరాలు వానపాముల్లా ఉబ్బితే ఆపరేషన్ చేసి లాగేశారు. మనం నరాలంటాం గానీ అవి సిరలు, రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే గొట్టాలు. కొన్నేళ్లకు గుండెకే బైపాస్ అయింది. అప్పుడు ఎడమకాల్లోంచి, చీలమండ మొదలు తొడ దాకా ఉండే పొడుగాటి సిర తీసి గుండెకు కుట్టారు. ఆనాడు కూడా మత్తు డాక్టర్‌ను బతిమాలి సూదులన్నీ ఎడమచేతికీ మెడకూ పెట్టించుకున్నాడు. సిగరెట్ మానమని అందరూ చెప్పారు. దున్నపోతు మీద వాన కురిసింది. బట్ట మీద నిప్పురవ్వ పడుతుందని బల్ల దగ్గర మాత్రం కాల్చేవాడు కాదు, మెట్ల మీదికి వెళ్లి కాల్చేవాడు. బట్ట మీదున్న జాలి ఒంటి మీద లేకపోయింది.

కొంతకాలానికి నడుస్తుంటే కుడి పిక్క పట్టేయడం మొదలైంది. ఆగితే తగ్గేది, నడిస్తే మళ్లీ పట్టేసేది. రోడ్డు మీద ఊరికే ఆగితే ఎవరైనా ఏమైందని అడుగుతారు కదా. అందుకని బట్టల దుకాణాల అద్దాల ముందు ఆగేవాడు. లోపల బొమ్మకు తొడిగిన కోటును తల వంచి పరిశీలిస్తున్నట్టు నిలబడి, నొప్పి తగ్గాక కదిలేవాడు. మూలమీద కొత్తగా దుకాణం పెట్టిన ఆసామి దీనికి ఉబ్బితబ్బిబ్బై, మాస్టరంతటివాడు రోజూ వచ్చి నా కోత చూసి పోతున్నాడని వీధంతా చాటాడు. బావమరిదికి ఒళ్లు మండింది. ఆ కోటు కాలరు వంకరని నువ్వే అన్నావు కదా బావా, రోజూ ఆ వంకర చూడటమేంటని నిలదీశాడు. మాస్టర్ పరువు వదులుకున్నాడు గానీ కాలి మాట బయటపెట్టలేదు.

ఇంతలో కొత్త చెప్పు బొటనవేలిని కరిచింది. అందరికీ నాలుగు రోజుల్లో మానే పుండు ఆయనకు మానలేదు. వేలి చివర నల్లబడింది. కూర్చున్నా పాదం భగభగ మండేది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటారే, ఈయన విషయంలో గొడ్డలి నిజంగానే వచ్చింది. కాలికి రక్తం అందడం లేదనీ, ఆలస్యమైతే మోకాలి పైన తీసేయాల్సి రావచ్చనీ, వెంటనే రక్తనాళాల సర్జన్‌కు చూపించమనీ డాక్టర్ చెప్పాడు. 

బావమరిది ధైర్యం చెప్పబోయి, పోనీ బల్లకు తగ్గ ఎత్తు కుర్చీ చేయిద్దాం బావా అన్నాడు. మాస్టర్ మొహం చూసి, వద్దులే బావా అన్నాడు. కాలు పోతే నిలబడటం పోతుంది. నిలబడటం పోతే బల్ల పోతుంది. బల్ల పోయాక మాస్టర్ అని ఎవర్ని పిలుస్తారు?

సర్జన్ ఒక నడివయసు డాక్టరమ్మ. చల్లగా మాట్లాడుతుంది, కానీ దాచదు. తొడలోంచి మోకాలి కింద దాకా ధమని మూసుకుపోయిందనీ, అదృష్టం కొద్దీ దాని కింద పాదానికి వెళ్లే దారి ఇంకా తెరిచే ఉందనీ చెప్పింది. మూసుకున్న చోటును తప్పించి పక్కదారి వెయ్యాలి. ఆ పక్కదారికి ఒక గొట్టం కావాలి. మనిషి సొంత సిరను మించింది లేదు. అందులోనూ కాలి సిర మొదటిది, అది లేకపోతే చేతి సిర. ఏదీ దొరక్కపోతే ప్లాస్టిక్ గొట్టం. మోకాలి పైన ఆగిపోయే దారికైతే ప్లాస్టిక్ కూడా ఫరవాలేదు గానీ, మోకాలు దాటి కిందికి వెళ్తే త్వరగా మూసుకుపోయే భయం ఎక్కువ. పైగా పాదంలో పుండుంది. ఆ చీము గొట్టానికి అంటుకుంటే మళ్లీ మొదటికొస్తుంది.

ఈ మాట మాస్టర్‌కు వెంటనే ఎక్కింది. కాలరు చిరిగిన చొక్కా తెచ్చేవాళ్లతో ఆయన రోజూ అనేదీ అదే. బయటి ముక్క ఎంత ఖరీదైనా రెండు ఉతుకుల్లో తేడా తెలిసిపోతుంది, ఈ చొక్కా అడుగు మడతలోంచే తీద్దాం అనేవాడు. ఇప్పుడు అడుగు మడత వెతకాల్సింది తన ఒంట్లో. డాక్టరమ్మ కుడికాలు చూసింది, సిర ఎప్పుడో లాగేశారు. ఎడమకాలి పొడుగునా ఉన్న మచ్చ చూసింది, అది గుండెలో పనిచేస్తోంది. రెండు బీరువాలూ ఖాళీ చేసుకునే వచ్చారన్నమాట అని నవ్వి, చేతులు స్కాన్ చేద్దామంది.

ఆసుపత్రిలో చేర్చుకున్న రోజే ఒక గొడవ జరిగింది. వార్డులో సిస్టర్ మందులెక్కించడానికి ఎడమచేతికి సూది పెట్టబోయింది. ఆ చెయ్యి అప్పటికే ఎన్ని సూదులు తిన్నదో, నరాలన్నీ పురికోసల్లా గట్టిపడ్డాయి. గుచ్చింది, అందలేదు. ఇంకోచోట గుచ్చింది, ఉబ్బింది. ఆ చెయ్యి ఇవ్వండి తాతగారూ అంది. మాస్టర్ కుడిచెయ్యిని దుప్పటి కిందికి లాక్కున్నాడు. పక్క మంచాలవాళ్లు చూస్తున్నారు. భార్యకు తలకొట్టేసినట్టయింది.

"కాలు పోయేట్టున్నా ఇంకా సవతి సోకేనా? ఇవ్వండి చెయ్యి," అంది.

"కాలు తీసుకుంటే తీసుకోండి గానీ ఆ చెయ్యి ముట్టుకోవద్దు," అన్నాడు మాస్టర్.

సిస్టర్‌కు అవతల వార్డు నిండా పనుంది. విసుక్కుని చెయ్యి లాగి పొడిచేసినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆమె పళ్లెం కింద పెట్టి, వేన్నీళ్లలో ముంచిన గుడ్డ తెచ్చి ఎడమ అరచేతి వెనక వేసి, చెయ్యి మంచం కిందికి వేలాడదీయించి, కాసేపు అలాగే నిలబడింది. బొటనవేలి మొదట్లో సన్నటి నరమొకటి లేచింది. సూది అక్కడ దిగింది. ఆ కాసేపటి ఓపికకు ఎంత విలువుందో అప్పటికి ఆమెకూ తెలియదు, మంచం మీదున్న మొండిమనిషికీ తెలియదు.

మర్నాడు స్కానింగ్ గదిలో కూర్చున్నది మాట తక్కువ మనిషి. మాస్టర్ ఎడమచేతికి చల్లటి జెల్లీ రాసి, యంత్రం పిడి కిందికీ పైకీ జరిపి, తల అడ్డంగా ఊపాడు. తర్వాత కుడిచేతి భుజం దగ్గర పట్టీ బిగించాడు. మణికట్టు నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్లాడు. ఆగాడు. మళ్లీ మొదటి నుంచి చూశాడు. తర్వాత ఫోన్ తీసి డాక్టరమ్మను రమ్మన్నాడు. ఒంట్లో బాగున్నదల్లా ఆ చెయ్యే, దానికీ ఏదో వచ్చిందనుకున్నాడు మాస్టర్.

"ఈ చేతికి ఎప్పుడూ సూది పడలేదా?" అని అడిగాడు స్కానింగ్ ఆయన.

మూల స్టూలు మీదున్న భార్య జవాబిచ్చింది. "పడనిస్తేగా బాబూ. అది ఆయన పెద్ద పెళ్లాం."

స్కానింగ్ ఆయన మొదటిసారి నవ్వి తెర ఇటు తిప్పాడు. తెర మీద సిర ఒక నల్లటి గుండ్రటి చుక్క. పిడితో నొక్కితే మెత్తగా మూసుకుంటోంది, వదిలితే తెరుచుకుంటోంది. మణికట్టు నుంచి భుజం దాకా ఎక్కడా గట్టిపడలేదు, ఎక్కడా తెగలేదు, ఈ వయసులో ఇలాంటి సిర తను చూడలేదన్నాడు. డాక్టరమ్మ వచ్చి చూసి, ఇన్నాళ్లూ దీన్ని ఎవరి కోసం దాచారండీ అంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఆ సామెత చెప్పినవాళ్లు ఈ చెట్టును చూడలేదు.

స్కానింగ్ ఆయన నీలం పెన్ను తీసి చర్మం మీద ఆ సిర వెంటే గీత గీసుకుంటూ పోయాడు. మాస్టర్ తల వంచి చూశాడు. వంకర లేని గీత, మోచేతి మడత దగ్గర కూడా చెయ్యి వణకలేదు. గీత బాగుందండీ అన్నాడు మనస్ఫూర్తిగా. అన్నాక చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గీత గీసిన తర్వాత వచ్చేదేమిటో ఆయనకన్నా ఎవరికి తెలుసు?

ప్లాస్టిక్ గొట్టమే వెయ్యండి అన్నాడు డాక్టరమ్మతో. ఆవిడ కోప్పడలేదు. కారణమడిగి, మేనమామ కథంతా విన్నది. ఆయన వేళ్లు పోయింది చీము వల్ల, సిర పోయినందుకు కాదని చెప్పింది. ఆ సిర మోసే రక్తాన్ని చేతిలోని మిగతా సిరలు పంచుకుంటాయి, పట్టుకు దానితో పనిలేదు, కోత పక్కన కొంత చర్మం కొన్నాళ్లు మొద్దుబారొచ్చు అంది. వేళ్లు ఆడతాయని నూటికి నూరుపాళ్లు మాటివ్వగలరా అని మాస్టర్ అడిగాడు. నూటికి నూరు ఎవరూ ఇవ్వలేరు, నా చేతుల్లో ఇప్పటిదాకా ఎవరికీ ఆగలేదు, అంతే చెప్పగలను అంది. సాయంత్రం దాకా ఆలోచించుకోమంది.

మొగుడూ పెళ్లాలు వార్డు చివర కిటికీ దగ్గర కూర్చున్నారు. ఆయన నీలం గీత వంకే చూస్తున్నాడు. ఆవిడ ఎగతాళి మానేసి చాలాసేపైంది.

"మామయ్య ఎవరికీ ఇవ్వొద్దన్నాడే," అన్నాడు.

"పరాయివాళ్లకిస్తున్నారా? మీ కాలికేగా," అంది ఆవిడ. "ఇన్నేళ్లూ దాని వంతు బకెట్లు నేను మోశాను. ఇప్పుడు ఒక్క పని చెప్తే చెయ్యనంటుందా? మీరు నిలబడలేకపోతే అది మాత్రం ఎక్కడ నిలబడి కోస్తుంది?"

మాస్టర్ వేళ్లు ముడిచాడు, తెరిచాడు. మళ్లీ ముడిచాడు. చెయ్యి కోసం కాలిని వదులుకుంటే రెండూ పోతాయన్న సంగతి ఇంత తేలిక మాటల్లో తనకెందుకు తట్టలేదో అనుకున్నాడు. డాక్టరమ్మకు కబురు చెయ్యమన్నాడు.

ఆపరేషన్ రోజు పొద్దున డాక్టరమ్మతో ఒక్కటే చెప్పాడు, కోత గీత మీదే పడాలని. ఆవిడ ఒట్టేసినంత పనిచేసింది. సిర లోపల రక్తం వెనక్కి రాకుండా చిన్న చిన్న కవాటాలుంటాయనీ, అందుకే దాన్ని తలకిందులు చేసి కుడతామనీ చెప్పింది. మఖమల్‌కూ అంతేనమ్మా, నూగు ఎటు వాలిందో చూసుకుని కోయాలి అంటూ మాస్టర్ లోపలికి వెళ్లాడు.

బయట హాల్లో బావమరిది కుర్చీలో కూర్చున్నాడన్న మాటే గానీ, పాదం మిషన్ తొక్కుతున్నట్టు ఆడుతూనే ఉంది. అక్కగారు ఆ మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. కాసేపటికి ఆవిడ పాదమే తొక్కడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ బయటికొచ్చి మాస్కు దించి, సిర బాగా నిలబడింది, రక్తం పాదం దాకా వెళ్తోంది అన్నాక గానీ ఇద్దరికీ ఊపిరాడలేదు.

లోపలికి పోనిచ్చాక ఆవిడ మొదట పట్టుకున్నది మొగుడి పాదం. ఎన్నాళ్లుగానో రాయిలా చల్లగా ఉన్న పాదం వెచ్చగా ఉంది. ఆవిడ దాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అదే సిస్టర్ వచ్చి పెన్నులాంటి పరికరం పాదం మీద ఆనిస్తే లోపలి రక్తం చప్పుడు గదిలో వినిపించింది. మన మిషన్ చప్పుడే అక్కా అన్నాడు బావమరిది. మత్తు ఇంకా పూర్తిగా వదలని మాస్టర్ కట్టులోంచి బయటికున్న కుడి బొటనవేలూ చూపుడువేలూ విడదీసి, కలిపి, విడదీసి, కలిపి, గాల్లో ఏదో కోశాడు. అప్పుడు కళ్లు తెరిచి నవ్వాడు.

తేరుకున్నాక మాస్టర్ ఆ సిస్టర్‌కు దండం పెట్టాడు. ఆ రోజు మీరు కోపంతో పొడిచి ఉంటే ఈ కాలు ఉండేది కాదమ్మా అన్నాడు. ఆమె సిగ్గుపడి, నాకవేవీ తెలియవు తాతగారూ, మీరు మరీ మొండికేశారని వేన్నీళ్లు తెచ్చాను అంది. ఏమీ తెలియకుండా చూపించిన ఓపికకు దండం పెట్టాలి మరి. తెలిసి చేసేవాళ్లకు జీతమూ పేరూ ఎలాగూ ఉంటాయి.

బొటనవేలి నల్లబడ్డ చివర తీసేశారు, పుండు మానింది. సిగరెట్ ఇంకొకటి ముట్టిస్తే ఈ చెయ్యి చేసిన పని బూడిదే అని డాక్టరమ్మ అంటే, ఈసారి వాన దున్నపోతు లోపలికి ఇంకింది. దుకాణం తెరిచిన రోజున ముందుగా పాత లైనింగు గుడ్డ పరిచి కోసి చూశాడు. మణికట్టు పైన కాస్త మొద్దుగా ఉంది, కోత మాత్రం గీత దాటలేదు. బావమరిది మిషన్ తొక్కుతూనే ముక్కు ఎగబీల్చాడు. ఇంటికెళ్తూ మాస్టర్ మూలమీది దుకాణం ముందు నుంచి ఆగకుండా నడిచిపోయాడు. ఆ ఆసామి మనసు కష్టపెట్టుకుని, నా కోతలో ఏం తగ్గిందని మాస్టర్ చూడ్డం మానేశాడని ఇప్పటికీ అందర్నీ అడుగుతుంటాడు.

ఆ సాయంత్రం అలవాటుగా నూనె సీసా కోసం చెయ్యి చాపితే అది భార్య ఒళ్లో ఉంది. ఆవిడ ఆయన కుడిచెయ్యి తన మోకాలి మీద పెట్టుకుని, భుజం నుంచి కిందికి, మచ్చ వెంట, ఒత్తకుండా రాసుకుంటూ వచ్చింది. మణికట్టు దగ్గర ఆగింది.

"అక్కా," అంది ఆ చేతితో. "నిన్ను చాలా మాటలన్నాను. మనసులో పెట్టుకోకు."

మాస్టర్ కళ్లు తుడుచుకుని, సీసా అందుకుని, సూది మొనలకు గరుకెక్కిన ఆవిడ వేళ్లు దగ్గరికి తీసుకుని ఒక్కొక్కదానికీ నూనె రాశాడు. ఎప్పుడో చెయ్యాల్సిన పని. ఆలస్యంగానైనా చేశాడు, అంతవరకు మెచ్చుకుందాం.

మర్నాడు పొద్దున ఆయన పంపు దగ్గరికి వెళ్లి, జన్మలో మొదటిసారి, నిండు బకెట్ మీద కుడిచెయ్యి వేశాడు. ఆవిడ లోపలి నుంచి ఒక్క ఉరుకున వచ్చింది.

"అక్క చేత నీళ్లు మోయిస్తారా? తియ్యండి చెయ్యి," అంది.

బకెట్ చెరో పక్కా పట్టుకున్నారు. ఆయన పట్టుకున్నది ఎడమచేత్తోనే. ఇంట్లోకి వెళ్లేదాకా దారిలో ఎక్కడా ఆగలేదు.